నిద్ర చెడని బస్సు

దుబాయ్‌లో చలికాలం ఏముంటుంది అని నవ్వేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మంచు కురవదు, నిజమే. స్వెటర్ అవసరం కూడా పొద్దుటిపూటే. కానీ నవంబరు దాటిందంటే తెల్లవారుజామున పొగమంచు లేచి రోడ్డును మింగేస్తుంది. నెలల తరబడి ఎండకు కాలిన తారు మీద ఇసుక, డీజిలు, టైర్ల నుంచి రాలిన నల్ల పొడి పేరుకుని ఉంటాయి. వాటి మీద తేమ పడితే ఆ రోడ్డు సబ్బు రాసిన బండలా అవుతుంది. ఎండాకాలమంతా తప్పులు చేసి బతికిపోయిన డ్రైవరు ఆ రోజుల్లో ఒక్క తప్పుకే దొరికిపోతాడు.

మా వైపు నుంచి డ్రైవరు వీసా మీద పోయే పిల్లలకు ఇదంతా చెప్పబోతే వినరు. "ఇప్పుడు అన్నీ కంప్యూటర్ బండ్లే పెద్దనాయినా" అంటారు. సరే, కంప్యూటరే తొక్కనీ బ్రేకు! నాకు తెలిసింది మాత్రం రాసి పెడుతున్నాను. ఓపిక ఉన్నవాళ్లు చదువుకోండి.

నేను చేసింది బ్రేకు పని. కూలీలను క్యాంపుల నుంచి సైట్లకు మోసే బస్సులు మా కంపెనీవి. వర్క్‌షాపులో మామూలు మెకానిక్‌గా చేరి చివరికి ఫోర్‌మన్‌నయ్యాను. ఫోర్‌మన్ అంటే పెద్ద గౌరవం అనుకునేరు. కింద ఉన్నవాళ్ల తిట్లు, పైన ఉన్నవాళ్ల తిట్లు కలిపి ఒకే మనిషి తినడాన్ని అక్కడ ఫోర్‌మన్ ఉద్యోగం అంటారు.

మా దగ్గర ఒక డ్రైవరు ఉండేవాడు. జగిత్యాల దగ్గరి మనిషి, నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ని, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. బస్సెక్కే కూలీలందరికీ మాత్రం ఆయన కాక, అంటే బాబాయి. మన తెలంగాణవాళ్లే కాదు, గోదావరి జిల్లాలవాళ్లు, బీహారువాళ్లు, నేపాలీలు కూడా కాక అనే పిలిచేవాళ్లు. అది ఆయన పేరే అనుకున్న నేపాలీలు కూడా ఉన్నారు.

కాక బస్సంటే క్యాంపులో తోపులాట. ఎందుకంటే ఆ బస్సులో నిద్ర చెడదు. కూలీవాడి నిద్ర సంగతి మీకు తెలియాలి. ఒక్కో గదిలో అంతమంది, బాత్‌రూమ్ దగ్గర వరస, పొయ్యి దగ్గర వరస. చీకటితోనే లేచి వండుకుని, టిఫిన్ డబ్బా కట్టుకుని బస్సెక్కితే సైటు చేరేదాకా గంటో గంటన్నరో వాళ్ల సొంతం. ఆ గంటే వాళ్లకు నిజమైన నిద్ర. కొందరు డ్రైవర్లు దాన్ని కూడా దక్కనివ్వరు. బ్రేకు తొక్కితే నలభై తలకాయలు ముందు సీటు కమ్మీకి కొట్టుకోవాల్సిందే. కాక బస్సులో అలా ఉండదు. ఎక్కడ ఆగిందో, ఎప్పుడు కదిలిందో తెలియదు. సైటు దగ్గర ఆయన లైట్లు వేసి "లెవ్వుండ్రి బిడ్డా, అచ్చినం" అంటేనే కళ్లు తెరిచేవాళ్లు.

కరోనా రోజుల్లో బస్సులో సగం సీట్లే నింపాలన్న నియమం ఉండేది. ఆ నియమం పోయిన ఏడాది బస్సులన్నీ కిక్కిరిసిపోయాయి. ఆ వేసవి చివర్లో కాక బస్సు సర్వీసుకు వచ్చింది. చక్రాలు విప్పి చూశాను. వెనక చక్రాల బ్రేకు లైనింగులు అరిగి రేకులయ్యాయి. ముందు చక్రాలవి మాత్రం కొత్త పెళ్లికూతురిలా ఉన్నాయి! బండి ఆగేటప్పుడు బరువంతా ముందుకు వస్తుంది, కాబట్టి ముందు బ్రేకులే ఎక్కువ పనిచేయాలి. అవి అరగలేదంటే అసలు పని చేయలేదనే అర్థం.

అది పాత మోడల్ బస్సు. చక్రం వెనక ఒక బోల్టు ఉంటుంది. దాన్ని స్పానరుతో ఒకవైపు తిప్పితే బ్రేకు బిగుస్తుంది, రెండోవైపు తిప్పితే వదులవుతుంది. ముందు చక్రాలకు రెండింటికీ ఎవరో బాగా వదులు చేసి పెట్టారు. నేను ఆయన్ను చాయ్ తాగుదాం రమ్మని పక్కకు తీసుకుపోయాను.

"ఏందన్నా ఇది? ముందలి బ్రేకులెవరు ఇప్పిండ్రు?"

"నేనే ఇప్పిన" అన్నాడు. దాచలేదు, తడబడలేదు. చాయ్ ఊదుకుంటూ, "ముందలియి పట్టుకుంటె బండి ముక్కు దించుతది తమ్మీ. పండుకున్నోళ్ల మొఖాలు కమ్మీలకు గుద్దుకుంటయి. ఎన్కటి బస్సుల ఒక పిలగానికి ముందలి పండ్లు ఊసిపోయినయి. నా చేతులనే ఉమ్మిండు. గప్పటి సంది ఇట్లనే నడుపుతున్న" అన్నాడు.

"మరి ఏటేటా సర్కారోళ్లు బండి చూసే పాసింగ్‌ల ఎట్ల దాటుతున్నవ్?"

"పాసింగ్ ముందు నేనే బిగిస్త. అయినంక నేనే ఇప్పుత."

"నీకు పిచ్చి లేసిందా? వెనుక బ్రేకుల మీద ఇంత పెద్ద బండి ఆగుతదా? ఎవడన్న అడ్డమొస్తె ఏం జేస్తవ్?" అని అరిచాను. అక్కడున్న వాళ్లంతా మా వైపు చూశారు.

ఆయన నవ్వాడు. "నా బ్రేకు కాలు కింద లేదు తమ్మీ, కంట్ల ఉన్నది. సిగ్నలు ఎర్రగయితదని నాకు గాడికెల్లి ఎరుకయితది. గప్పుడే కాలు ఎత్తేస్త. ఇన్నేండ్లల్ల ఒక్క గీత వడ్డదా నా బండి మీద?"

పడలేదు. అదే నా కోపానికి కారణం. కంపెనీలో ఒక్క ఫైనూ లేని డ్రైవరు ఆయనే. చాలా దూరం చూసి నడిపేవాడు. ఇది ముదీర్ చెవిన వేస్తే, ఆ మేనేజరు మహానుభావుడు ఆ సాయంత్రానికే వీసా రద్దు చేయించి, ఖలాస్ అనేవాడు. ఇంత మంచి డ్రైవరును పంపించి, తలలు పగలగొట్టేవాణ్ని ఎవణ్నో తెచ్చి కూర్చోబెట్టేవాడు. చెప్పకపోతే నాకు కంటి మీద కునుకు ఉండదు. చివరికి నేనే ఆయనతో ఒప్పందానికి వచ్చాను.

"అన్నా, నీ కన్ను బ్రేకు అన్నవ్ గద. మరి పొగమంచుల నీ కన్ను ఏం జేస్తది? పది గజాలు కానరాదు. గప్పుడు నీకు బ్రేకే లేదు."

ఆయన గ్లాసు అడుగున మిగిలిన చాయ్ పారబోసి, "అది నిజమే" అన్నాడు. "మంచు అచ్చిననాడు నేనే నీ తానకు అస్త. నువ్వే బిగియ్యి. ఒట్టు."

నేను నమ్మి, ముందు బోల్టులను అలాగే వదిలేశాను. వెనక లైనింగులు మార్చాను, ఇంకో పని కూడా ఆ రోజే చేయించాను. మా టైర్లతను పెషావరు వైపు పఠాను. ప్రతి టైరునూ ఇనుప రాడ్డుతో కొట్టి, ఆ చప్పుడు విని గాలి ఎంతుందో చెప్పేవాడు. డ్రైవర్లలో ఒక పాడు అలవాటు ఉండేది. ఎండకు గాలి వేడెక్కి టైరు పేలిపోతుందని వేసవిలో గాలి తగ్గించేవాళ్లు, చలికాలం వచ్చినా మళ్లీ నింపేవాళ్లు కాదు. చలికి ఉన్న గాలి కూడా ఇంకా తగ్గుతుంది. పఠాను దొరికినవాణ్ని దొరికినట్టు ఉతికేవాడు. కాక బస్సు ముందు టైర్లను వేలితో గీకి చూసి, "ఉస్తాద్, గాట్లు బాగున్నాయి గానీ రబ్బరు రాయి అయిపోయింది" అని ఉర్దూలో అన్నాడు. కాక అంత మెత్తగా నడపబట్టి టైర్లు అరగలేదు. అరగకుండానే ముసలివైపోయాయి. పైకి చూస్తే కొత్తవి, పట్టు మాత్రం సున్నా. ముదీర్‌తో వాదన పెట్టుకుని కొత్తవి వేయించాను. "గాట్లున్న టైరును ఎవడైనా మారుస్తాడా?" అని ఆయన నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. పఠాను మాత్రం ఆ వారమంతా నా చాయ్‌కి తనే బిల్లు కట్టాడు.

ఇక ఆ బస్సులో ఎక్కేవాళ్లలో ఒకతని గురించి చెప్పాలి. కోనసీమవాడు, సైటులో ఇనుప చువ్వలు కట్టే పని. భార్య, ఇద్దరు ఆడపిల్లలు ఊళ్లో. ఆదివారాలు కరామాలో మా ఆంధ్రా మెస్‌కు వచ్చి, పులుసు ముక్క పెద్దది వేయలేదని వడ్డించేవాడితో గొడవపడేవాడు. గొడవంతా నవ్వుతూనే. కాక బస్సులో చివరి వరస మధ్య సీటు అతనిది. దాని ముందు ఇంకో సీటు ఉండదు, నడిచే దారిలోకి కాళ్లు చాపుకోవచ్చు. ఆ సీటు కోసం అందరికంటే ముందు వచ్చి నిలబడేవాడు. ఎక్కుతూనే "ఆయ్, కాకగారూ, మా ఆవిడ ఫోను చేస్తే నిద్దరోతున్నాడని చెప్పండి" అనేవాడు. కాక ముసిముసిగా నవ్వేవాడు. సీట్లకు బెల్టులు ఉండేవి. అవి సీటు సందుల్లోకి దిగబడిపోయి ఏ కాలమైందో. కాక బస్సులో బెల్టు పెట్టుకున్నవాణ్ని నేను చూడలేదు.

ఆ రోజు పొద్దున నేను వర్క్‌షాపు గేటు తీసేసరికి కాక బస్సు బయటే ఆగి ఉంది. పొగమంచు అంత దట్టంగా అంతకుముందు చూసిన గుర్తు లేదు. బస్సు దగ్గరికి నడిస్తే గాని అది బస్సని తెలియలేదు.

"తమ్మీ, ఇయ్యాల ముందలియి బిగియ్యి" అన్నాడు.

ఒట్టు నిలబెట్టుకున్నాడని నాకు సంతోషం వేసింది. కింద దూరి రెండు చక్రాలూ బిగించాను. పఠాను టైర్లన్నింటికీ గాలి పట్టాడు. ఆవరణలోనే ఒక చుట్టు తిప్పి తొక్కమన్నాను. తొక్కాడు. బస్సు ఉన్నచోటే ఆగి ముక్కు దించి ఊగింది. కాక మొహం నల్లబడింది. "ఇంత గట్టిగనా?" అన్నాడు.

"గింతే ఉండాలన్నా. ఇది బ్రేకు. ఇన్నొద్దులు నువ్వు నడిపింది ఎడ్లబండి."

ఆయన నవ్వలేదు.

సైటు దగ్గర ఇంకో బస్సుకు బ్రేకుల గాలి లీకవుతోంది, అందుకని నేనూ ఆయనతోపాటే బయలుదేరాను. క్యాంపు దగ్గర మనుషులు ఎక్కారు. ఆ మంచులో బస్సు తీయకూడదని మా ఇద్దరికీ తెలుసు. మంచు విడిచేదాకా ఆగుతామని ముదీర్‌కు ఫోను చేశాం. సైటులో కాంక్రీటు పోస్తున్నారు, మనుషులు లేకపోతే ఎలా, మెల్లగా పొండి, ధీరే ధీరే జావో, యల్లా అన్నాడు. అలాంటి సలహాలు పక్క మీద నుంచి లేవకుండా ఇవ్వడం చాలా తేలిక.

కదిలే ముందు కాక సీట్లోంచి లేచి వెనక్కి తిరిగాడు. ఆయన అలా లేచి మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు.

"బిడ్డా, ఇయ్యాల అందరు బెల్టులు పెట్టుకోండ్రి. బ్రేకులు గట్టిగున్నయి. బెల్ట్ లగావ్, సబ్ లోగ్."

నవ్వులు లేచాయి. "కాక బస్సుల బెల్టెందుకే!" అని ఎవరో అరిచారు. వెనక నుంచి కోనసీమ అతను, "ఆయ్, కాకగారూ, మీరుండగా మాకు తాడెందుకండీ" అన్నాడు. మళ్లీ నవ్వులు. ఇద్దరు ముగ్గురు మాత్రం సీటు సందుల్లో వెతికి, బెల్టు దొరక్క ఊరుకున్నారు. "పెట్టుకోండ్రి అంటుంటె ఇనరా?" అని నేనూ గదమాయించాను. అప్పటికే సగం మంది టోపీలు కళ్ల మీదికి లాక్కున్నారు. కాక నా వైపు చూశాడు. ఏం చేస్తాం అన్నట్టు నేను చేయి తిప్పాను. నేను తలుపు పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాను. బ్రేకు సంగతి తెలిసినవాణ్ని కదా.

జబల్ అలీ దాటేదాకా బాగానే పోయాం. కాక అక్కడ నెమ్మది బండ్లు పోయే కుడి పక్క లేనులోనే, మామూలు వేగంలో సగానికి తగ్గించి నడిపాడు. పక్కనుంచి కార్లు నాలుగు ఇండికేటరు లైట్లూ టపటపలాడించుకుంటూ దూసుకుపోయేవి. అలా నాలుగూ వెలిగిస్తే ముందువాడు ఆగాడో, పోతున్నాడో వెనకవాడికి తెలియదు. ఎన్నిసార్లు చెప్పినా ఆ అలవాటు పోదు. వెనక బస్సంతా గురక. కాక వీపు సీటుకు ఆనలేదు. అద్దానికి మొహం దగ్గరగా పెట్టి, చెమట తుడుచుకుంటూ నడిపాడు. అంత చలిలో చెమట!

ముందు అలాంటి లైట్లే మిణుకుమిణుకుమంటూ కనిపించాయి. పోతున్న కారే అనుకున్నాం. కాదు, ఆగి ఉంది. దేన్నో గుద్ది ఆగిన చిన్న కారు. దాని వెనక రోడ్డు మీద ఒకామె చంటిబిడ్డను ఎత్తుకుని నిలబడి ఉంది.

"అన్నా!" అన్నాను.

కాక తొక్కాడు. ముందు చక్రాలు తారును పట్టుకున్నాయి. జారలేదు, పక్కకు తిరగలేదు, బస్సు ముక్కు కిందికి దిగి నిలబడిపోయింది. నా బెల్టు గుండెల్లోకి కోసుకుంది. వెనక ఒక్కసారిగా దబదబమని చప్పుడు, తర్వాత కేకలు. బంపరుకూ ఆ తల్లికీ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు మిగిలింది. ఆమె బిడ్డ తల మీద చేయి పెట్టుకుని అలాగే నిలబడింది.

ఆపాం అనుకున్నాను. దేవుడా, ఆపాం అనుకున్నాను.

వెనక్కి తిరిగి చూస్తే ముక్కుల్లోంచి రక్తాలు, పగిలిన పెదాలు, కింద దొర్లిన టిఫిన్ డబ్బాలు. నడిచే దారిలో బస్సు సగం దాకా కొట్టుకొచ్చి కోనసీమ అతను పడి ఉన్నాడు. తల ఒక సీటు కాలికి ఆని, మెడ వంగకూడని వైపు వంగి ఉంది. అతని బావమరిది అదే బస్సులో ఉన్నాడు. "బావా, లెగు బావా, లెగు" అంటూ బుగ్గలు తడుతున్నాడు. కాక స్టీరింగు పట్టుకున్న చేతులు వదల్లేదు. నేనే ఒక్కొక్క వేలూ విడదీశాను.

పోలీసులు బస్సును తీసుకుపోయి పరీక్ష చేయించారు. నేను దగ్గరే ఉన్నాను. బ్రేకులు బాగున్నాయి, టైర్లు బాగున్నాయి, వేగం తక్కువే. ఆ అధికారి కాక భుజం తట్టి, బ్రేకు "మియా మియా" అన్నాడు. అంటే నూటికి నూరు. తల్లినీ బిడ్డనూ కాపాడావన్నాడు. ఆ కారామె భర్త వచ్చి కాక చేతులు కళ్లకు అద్దుకున్నాడు. పాత టైర్లే ఉండి, ముందు బ్రేకులు వదులుగానే ఉంటే బస్సు ఆ తల్లీబిడ్డల మీదుగా పోయేది. పోయి పోయి ఏ ట్రైలరునో గుద్దేది, అప్పుడు లోపల ఎంతమంది మిగిలేవాళ్లో. ఇదంతా నేను కాకకు ఎన్నోసార్లు చెప్పాను. నిజమే చెప్పాను. ఇప్పుడు మళ్లీ ఆ పొద్దుటికి పోయినా ఆ బోల్టులు అంతే బిగిస్తాను.

ఆయన వినేవాడు. విని, "నేను బెల్టు పెట్టుకొమ్మన్న గద తమ్మీ" అనేవాడు. మళ్లీ తనే, "ఇన్నేండ్లు నేనే అలవాటు జేసిన గద, అక్కర లేదని. ఒక్కనాడు చెప్తె ఎట్ల ఇంటరు?" అనేవాడు. 

శవం ఊరికి పోయింది. బావమరిది దాంతోపాటు పోయి, తిరిగొచ్చాక ఒకసారి మా వర్క్‌షాపుకు వచ్చాడు. కాక ఎదురుపడలేక పఠాను టైర్ల గుట్ట వెనక్కి పోయాడు. అతను అక్కడికే పోయి నిలబడ్డాడు.

"మీ తప్పేం లేదండి" అన్నాడు. "అక్కకి కూడా అదే చెప్పానండి. నిద్దట్లోనే పోయాడు, నొప్పి తెలీలేదని చెప్పాను. ఆవిడ మీకు దణ్ణం చెప్పమందండి."

కాక టైరు మీద కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. తిట్టినా బాగుండేది, చొక్కా పట్టుకున్నా బాగుండేది. ఆ మంచిమాటకు మాత్రం ఆయన తట్టుకోలేకపోయాడు. పఠాను ఆ రోజంతా టైర్లు కొడుతూనే ఉన్నాడు.

కేసు ఏమీ మిగల్లేదు. బస్సు తిరిగి వచ్చింది. ముదీర్ ప్రతి సీటుకూ కొత్త బెల్టులు బిగించమన్నాడు, చివరి వరస మధ్య సీటు పీకేయమన్నాడు. అది పీకేటప్పుడు నేను ఎవరినీ పిలవలేదు, నేనే చేశాను. కాక మళ్లీ డ్యూటీ ఎక్కాడు. నేనే బలవంతపెట్టాను. గదిలో కూర్చుంటే మనిషి పిచ్చివాడైపోతాడని నా భయం.

డ్యూటీ ఎక్కిన ఆ మొదటి పొద్దున మంచు లేదు, ఆకాశం తేటగా ఉంది. బస్సు గేటు దాటి పోయాక నేను పనిలో పడ్డాను గానీ చెవి అటే ఉంది. మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చింది. ఆయన దిగకుండా అలాగే సీట్లో కూర్చున్నాడు. నేను మెట్టెక్కి అడిగాను.

"ఎట్ల నడిచిందే అన్నా?"

"బండి మంచిగనే నడిచింది."

"బెల్టులు పెట్టుకున్నరా?"

"పెట్టుకున్నరు. నేను చెప్పకముందే అందరు పెట్టుకున్నరు." అద్దం వైపు చూశాడు. "కమ్మీ పట్టుకుని కూసున్నరు తమ్మీ. సైటు దాకా ఒక్కడు సుత పండలే. అద్దంల చూసినప్పుడల్ల అందరి కండ్లు నా దిక్కే ఉన్నయి."

తాళం చెవి తీసి నా చేతిలో పెట్టాడు.

"ముదీర్‌కు చెప్పు. నీళ్ల ట్యాంకరున్నా సరే, చెత్త బండి అయినా సరే. మనుషులు లేని బండి ఏదన్న ఉంటె ఇయ్యుమను."